ఉద్యోగంలో చేరేముందు బట్టలు: చేతిలో 15 వేలు, బయట మన ఎండలు

నువ్వు అడిగింది ఇది తమ్మీ: డిగ్రీ అయిపోయింది, వచ్చే నెల నల్గొండలో ఒక ప్రైవేటు బ్యాంకు బ్రాంచిలో చేరాలి, దేవరకొండ నుంచి రోజూ బస్సులో పోయి రావాలి. ఉన్నవన్నీ జీన్సులు, టీషర్టులే. నాన్న 15 వేలు ఇచ్చారు, వాటితో ఏం కొనాలి అని. అక్క కూడా మహబూబ్‌నగర్‌లో జూనియర్ కాలేజీ లెక్చరర్‌గా చేరుతోంది కాబట్టి ఆమెకూ నాలుగు మాటలు చెప్పమన్నావు.

ముందు ఒక్క మాట గట్టిగా చెబుతా. ఆ 15 వేలు చేరకముందే అయిపోగొట్టొద్దు. చేరేలోపు పదిన్నర వేలు ఖర్చు పెట్టు, మిగిలిన నాలుగున్నర వేలు నెలన్నర తర్వాతకు దాచు. చేరకముందు నీకు ఆ బ్రాంచి ఎట్లా ఉంటుందో తెలియదు. మేనేజరు టక్ చేసుకుని ఫుల్ చేతుల అంగీ వేస్తాడా, శనివారం అందరూ హాఫ్ చేతులతో వస్తారా, ఏసీ పని చేస్తుందా, నీ సీటు కౌంటర్ దగ్గరా, ఊళ్లు తిరిగి లోన్లు వసూలు చేసే పనా, ఇవన్నీ మొదటి నెలలోనే తెలుస్తాయి. ఒకేరోజు ఒకే షాపులో పది జతలు కొన్నవాళ్ల బీరువాలో నాలుగైదు అట్లాగే మడత విప్పకుండా పడి ఉంటాయి.

లెక్క ఇట్లా వేసుకో. అంగీలు నాలుగు, ఒక్కోటి వెయ్యి, అంటే 4000. ప్యాంట్లు రెండు, బట్ట, కుట్టుకూలి కలిపి ఒక్కోటి 1400, అంటే 2800. బూట్లు 2200. బెల్టు 500. బనియన్లు ఆరు, సాక్సులు నాలుగు జతలు కలిపి వెయ్యి. మొత్తం 10,500. రెండో విడతలో ఒక ప్యాంటు, రెండు అంగీలు తీసుకుంటే 3400 అవుతుంది. మిగిలిన 1100 ఆల్ట్రేషన్లకు, తెగిన బూటు కుట్టించడానికి పనికొస్తాయి. నాలుగు అంగీలతో వారం ఎట్లా గడుస్తుందంటావా? బ్యాంకుకు రెండో, నాలుగో శనివారాలు సెలవు. బుధవారం రాత్రి ఒకసారి, ఆదివారం ఒకసారి ఉతికితే సరిపోతుంది. మన గాలికి రాత్రి ఉతికిన కాటన్ పొద్దటికి ఆరుతుంది, ఒక్క వానాకాలంలో తప్ప.

ఈ లెక్క బ్యాంకు, స్కూలు, కాలేజీ, ఆఫీసు పనులకే. ఇదే చదువుతున్న ఇంకెవరైనా జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో (ప్రత్యేక ఆర్థిక మండలి) మందుల కంపెనీ ప్రొడక్షన్‌లో చేరుతుంటే ఫార్మల్స్ మీద పైసలు పెట్టొద్దు, లోపలికి పోగానే కంపెనీ ఇచ్చిన డ్రెస్సులోకి మారాలి. దామరచర్ల, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో, పవర్ ప్లాంటు సైట్లలో పనిచేసేవాళ్లకు బూట్లు, గట్టి కాటన్ ప్యాంట్లు ముఖ్యం. తెల్ల అంగీ అక్కడ ఒక్కరోజు ముచ్చట.

ఇక బట్ట సంగతికి వద్దాం, అసలు తేడా అంతా ఇక్కడే. మేలో నల్గొండలో 43, 44 డిగ్రీలు మామూలే. బస్సులో గంటన్నర కూర్చుంటే వీపు సీటుకు అతుక్కుంటుంది. పాలిస్టరు ఎక్కువున్న అంగీ చెమటను పీల్చదు, నూనెను పట్టుకుంటుంది. అందుకే ఉతికినా చంకల దగ్గర వాసన పోదు, వేసుకున్న పది నిమిషాలకు మళ్లీ లేస్తుంది. కాబట్టి అంగీలు నూటికి నూరు కాటన్ తీసుకో. అది దొరక్కపోతే కాటన్ 60 శాతానికి తగ్గకుండా చూడు. షాపుల్లో ‘టెర్రీకాటన్’ అని చూపించేదాంట్లో ఎక్కువగా పాలిస్టరు 65, కాటన్ 35 ఉంటుంది. ముడత పడదు, కానీ మన ఎండకు పనికిరాదు.

కాటన్‌లోనూ రకాలున్నాయి. పాప్లిన్ పలుచగా, నునుపుగా ఉంటుంది, చల్లగా ఉంటుంది, ముడత మాత్రం తొందరగా పడుతుంది. ట్విల్ మీద దగ్గరగా చూస్తే సన్నని ఏటవాలు గీతలు కనిపిస్తాయి. అది కాస్త ఒత్తుగా ఉంటుంది, లోపలి బనియన్ కనిపించదు, ముడత తక్కువ. బస్సు ప్రయాణం ఉన్నవాళ్లకు నా ఓటు పలుచటి ట్విల్‌కే, చదరపు మీటరుకు 110 నుంచి 130 గ్రాముల మధ్య. ఆక్స్‌ఫర్డ్ ఇంకా మందం, దాన్ని చలికాలానికి ఉంచు. లినెన్ అన్నిటికంటే చల్లన, నిజమే. కానీ బస్సు దిగేసరికి నలిగి ముద్దవుతుంది, కొత్తగా చేరినవాడికి కౌంటర్ మీద అది బాగుండదు. ‘ముడత పడని కాటన్’ అని ఎక్కువ ధరకు అమ్మేదానికి రసాయనం పూత ఉంటుంది. ఆ పూతతో నూలు కొంచెం బలహీనపడుతుంది, చెమట పీల్చడం తగ్గుతుంది, కాలరు మడత దగ్గరా కఫ్ అంచు దగ్గరా తొందరగా పీచు లేస్తుంది.

షాపులో నిలబడి చూసుకోవాల్సినవి ఇవి. బట్ట మూలను పిడికిట్లో పట్టి పది సెకన్లు గట్టిగా నొక్కి వదులు. ముడతలు పదునుగా అట్లాగే నిలబడితే ఇస్త్రీతో నీకు రోజూ గొడవే. ట్యూబ్‌లైటుకు అడ్డంగా పట్టి చూడు, పోగుల మధ్య వెలుతురు చుక్కలు చుక్కలుగా కనిపిస్తే నేత వదులు, రెండు ఉతుకులకు ఆకారం పోతుంది. ముదురు రంగు అయితే తెల్ల రుమాలు తడిపి గట్టిగా రుద్దు, రుమాలుకు రంగు అంటితే వదిలెయ్. కాటన్ అవునా కాదా అని అనుమానం ఉంటే అంచు నుంచి ఒక పోగు అడిగి తీసుకుని బయటకొచ్చి వెలిగించు. కాటన్ కాగితంలా కాలి బూడిద రాలుతుంది, కాగితం కాలిన వాసనే వస్తుంది. పాలిస్టరు మంట తగలగానే ముడుచుకుపోతుంది, కరిగి కొసన నల్లని గట్టి పూసలా మిగులుతుంది. రెండూ కలిసిన బట్ట కొంత బూడిద, కొంత పూస చూపిస్తుంది.

ప్యాంటుకు లెక్క తిరగబడుతుంది. పూర్తి కాటన్ ప్యాంటు మోకాళ్ల దగ్గర ఉబ్బుతుంది, తొందరగా వెలిసినట్టు కనిపిస్తుంది. పాలిస్టరు, విస్కోస్ కలిసిన సూటింగ్ తీసుకో, చదరపు మీటరుకు 220 నుంచి 250 గ్రాములు. క్రీజు నిలుస్తుంది, దుమ్ము దులిపితే రాలుతుంది, రెండు రోజులు తొడగొచ్చు. అంతకంటే పలుచటిది తీసుకుంటే జేబులో ఫోను పెట్టగానే ఆకారం బయటికి కనిపిస్తుంది. లైక్రా (సాగే పోగు) 2 శాతం ఉంటే బండి ఎక్కి దిగడానికి సుఖంగా ఉంటుంది, అంతకు మించి వద్దు. లైక్రా వేడికి చచ్చిపోతుంది. మేలో ఎండలో ఆరేసి, పైనుంచి బొగ్గుల ఇస్త్రీ పెట్టిస్తే ఒక వేసవిలోనే సాగి, మళ్లీ ముడుచుకోవడం మానేస్తుంది.

బట్ట ఎంత తీసుకోవాలో ముందే తెలుసుకుని పో. అయిదడుగుల ఎనిమిదంగుళాలు, మధ్యస్థం ఒళ్లు అనుకుందాం. ఫుల్ చేతుల అంగీకి 36 పన్నా (బట్ట వెడల్పు, అంగుళాల్లో) బట్ట రెండున్నర మీటర్లు, 58 పన్నా అయితే 1.6 మీటర్లు. ప్యాంటుకు 58 పన్నా 1.2 నుంచి 1.3 మీటర్లు. గళ్లు, చారలు ఉంటే జేబు దగ్గరా గుండీల పట్టీ దగ్గరా గీతలు కలపడానికి ఇంకో 15 సెంటీమీటర్లు కలుపు. పన్నా అడగకుండా ‘ఒక అంగీ ముక్క’ అంటే షాపువాళ్లు కోసి ఉంచిన ముక్క ఇస్తారు. పొడుగు తక్కువై టైలరు చేతులు పొట్టిగా పెడతాడు.

కాటన్ బట్టను కుట్టకముందు రెండు మూడు గంటలు మామూలు నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడలో ఆరేసి, ఇస్త్రీ చేయించి అప్పుడు టైలరుకు ఇవ్వు. కాటన్ మొదటి ఉతుకుల్లో వందకు మూడు నుంచి అయిదు సెంటీమీటర్లు కుంచించుకోవడం ఉన్నదే. 75 సెంటీమీటర్ల అంగీ పొడుగులో మూడు సెంటీమీటర్లు పోతే చెయ్యెత్తగానే టక్‌లోంచి బయటికి వస్తుంది. కాలరు కూడా ఆ లెక్కన బిగుస్తుంది, పై గుండీ పట్టదు.

టైలరుకు కనీసం మూడు వారాల టైము ఇవ్వు. పెళ్లిళ్ల సీజన్‌లో, దసరా ముందు ‘రేపు రా’ అనే మాట పది రోజులు నడుస్తుంది. అన్నీ ఒకేసారి కుట్టించొద్దు. ఒక అంగీ, ఒక ప్యాంటు ముందు ఇచ్చి, తొడిగి, ఒక రోజంతా కూర్చుని లేచి, ఒకసారి ఉతికి చూసుకుని, మిగతావి అప్పుడు ఇవ్వు. తప్పు ఉంటే ఒక్కదాంట్లోనే ఉంటుంది.

అంగీ వేసుకున్నప్పుడు భుజం కుట్టు భుజం ఎముక కొసన కూర్చోవాలి. కిందికి జారితే చెయ్యి ఎత్తినప్పుడల్లా అంగీ మొత్తం పైకి లేస్తుంది. భుజం తప్పు అయితే దిద్దడం కష్టం, మిగతావన్నీ దిద్దుకోవచ్చు. అందుకే రెడీమేడ్‌లోనైనా ముందు భుజమే చూడు. పై గుండీ పెట్టాక కాలరులో రెండు వేళ్లు దూరాలి. ఛాతీ దగ్గర ఒంటి కొలత మీద చుట్టూ నాలుగైదు అంగుళాల లూజు చాలు. టైలర్లు మన దగ్గర ‘ఇంకా పెరిగే ఒళ్లు’ అని ఆరేడు అంగుళాలు వదిలేస్తారు, టక్ చేస్తే నడుం చుట్టూ బట్ట గుట్టలా పోగవుతుంది. ఆ మాట ముందే చెప్పు. టక్ చేసే అంగీ పొడుగు నీ ఎత్తుకు 30 అంగుళాల దగ్గర ఉండాలి. రెడీమేడ్‌లో క్యాజువల్ అని అమ్మేవి 28 దగ్గర ఆగుతాయి, అవి టక్‌కు నిలవవు. ఫుల్ చేతి కఫ్, మోచెయ్యి మడిచినా మణికట్టు ఎముకను దాటి పైకి పోకూడదు.

కాలరు లోపల ఏం వేస్తాడో అడుగు. చవక బకరం (కాలరు గట్టిగా నిలవడానికి లోపల పెట్టే బట్ట) వేసి జిగురుతో అతికిస్తే నాలుగు ఉతుకుల తర్వాత కాలరు మీద బుడగలు లేస్తాయి. బట్ట ఒక తీరు కుంచించుకుంటుంది, బకరం ఇంకో తీరు. ఇస్త్రీతో అవి పోవు. మంచి కాటన్ ఫ్యూజింగ్ వెయ్యమను, దానికి ఇరవయ్యో ముప్పయ్యో ఎక్కువ అడిగినా ఇవ్వు.

ప్యాంటు బెల్టు లేకుండా నడుం మీద నిలవాలి. పక్క జేబులు చెవుల్లా తెరుచుకుంటే సీటు బిగువని అర్థం. తొడల ముందు అడ్డంగా గీతలు పడితే తొడ బిగువు. వెనక సీటు కింద బట్ట వేలాడితే సీటు లూజు. కూర్చుని చూడు, నిలబడి మాత్రమే చూసి తెచ్చుకుంటే బస్సు సీట్లో తెలుస్తుంది. బాటం చుట్టుకొలత 14, 15 అంగుళాలు ఉంటే ఇప్పుడూ బాగుంటుంది, అయిదేళ్ల తర్వాతా బాగుంటుంది. 12 బాటం కాలేజీకి సరే. పొడుగు బూటు మీద ఒక్క చిన్న మడత పడేంత. కింద మడతలో రెండు అంగుళాలు, నడుం వెనక కుట్టులో అంగుళం పైన బట్ట లోపల వదలమని తప్పకుండా చెప్పు. రోజంతా కూర్చునే పనిలో ఏడాది తిరిగేసరికి నడుం ఒకటో ఒకటిన్నరో అంగుళం పెరగడం చాలామందికి జరుగుతుంది. ఆ మార్జిన్ ఉంటే కొద్ది ఖర్చుతో ప్యాంటు మళ్లీ కొత్తది.

రెడీమేడ్ కొనాలనుకుంటే 40 అన్న అంకెను నమ్మొద్దు, ఒక్కో కంపెనీ 40 ఒక్కో తీరు. నీకు బాగా కుదిరిన అంగీని మంచం మీద పరిచి చంక నుంచి చంకకు, భుజం నుంచి భుజానికి టేపు పెట్టి కొలిచి ఆ రెండు అంకెలు ఫోనులో రాసుకో, షాపులో టేపు అడిగి పోల్చుకో. ఇంకో మాట, 2025 సెప్టెంబరు 22 నుంచి 2500 రూపాయల లోపు ధరున్న బట్టలకు జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. బ్రాండు పేరు మీద మోజుతో ఆ గీత దాటే అవసరం నీకు ఇప్పుడు లేదు. బ్లేజరు కూడా వద్దు. నల్గొండ బ్రాంచిలో దాన్ని ఏడాదికి రెండుసార్లు తొడగవు.

రంగుల గురించి ఎక్కువ ఆలోచించే పని లేదు. ప్యాంట్లు ఒకటి ముదురు బూడిద, ఒకటి నేవీ బ్లూ. నలుపు వద్దు, మన ఎర్ర దుబ్బ దాని మీద బాగా కనిపిస్తుంది, ఇస్త్రీ మెరుపు కూడా దాని మీదే తేలుతుంది. అంగీలు ఒక తెలుపు, ఒక లేత నీలం, ఒకటి తెలుపు మీద సన్నని నీలం చార, ఒకటి లేత గులాబీ లేదా సన్న గళ్లు. ఏ అంగీ అయినా ఏ ప్యాంటు మీదికైనా పోతుంది, పొద్దున ఆలోచించక్కర్లేదు. చెమట తడి బాగా కనిపించేది మధ్యస్థం నీలం మీద, బూడిద రంగు మీద. మరీ లేతవి, సన్న చారలవి తడిని దాస్తాయి. ముదురు రంగు తడిని దాస్తుంది కానీ ఆరాక ఉప్పు తెల్లగా గీతలు తేలుతుంది.

చేతుల బనియన్ వేసుకో, చేతుల్లేనిది కాదు. చంకలో చెమట ముందు బనియన్ పీల్చుకుంటే అంగీ ఎక్కువ కాలం బతుకుతుంది. తెల్ల అంగీ కింద తెల్ల బనియన్ అంచులు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, లేత బూడిద రంగుదో ఒంటి రంగుకు దగ్గరదో అయితే కనిపించదు.

చేనేత గురించి నువ్వు అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేను. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం నీకు అంత దూరమేమీ కాదు. రెండో విడతలో తీసుకునే రెండు అంగీల్లో ఒకటి పోచంపల్లి కాటన్ చెయ్యి. బ్యాంకుకు పెద్ద పెద్ద వజ్రం ఆకారాలున్నది కాకుండా, ఒకే రంగు మీద సన్నని చిటికి (ఇక్కత్) గీతలున్న బట్ట తీసుకో, దూరం నుంచి చూస్తే చారల అంగీలాగే ఉంటుంది. అసలుదో అచ్చుదో తెలుసుకోవడం చాలా తేలిక. చిటికి నేతలో నూలును కట్టి ముందే రంగు అద్దుతారు, ఆ తర్వాతే మగ్గం ఎక్కుతుంది. కాబట్టి బట్ట తిప్పి చూస్తే వెనక వైపు కూడా అదే డిజైను, అంతే ముదురుగా ఉంటుంది. పైన అచ్చు వేసిన నకలుకు వెనక వెలిసినట్టు ఉంటుంది. డిజైను అంచు దగ్గర కళ్లు పెట్టి చూడు. అసలుదాంట్లో రంగు గీత దగ్గర తెగినట్టు ఆగదు, పోగు పోగుకూ కొంచెం ముందు వెనక అవుతూ ఈకలా పక్క రంగులోకి జారుతుంది. అచ్చుది కత్తితో కోసినట్టు ఉంటుంది. ఆగస్టు 7 జాతీయ చేనేత దినం, ఆ రోజుల్లో సహకార షోరూముల్లో రిబేటు ఇస్తుంటారు. మగ్గం బట్ట పన్నా 44 దగ్గర ఉంటుంది, ఫుల్ చేతులకు రెండున్నర మీటర్లు తీసుకుంటే డిజైను కలపడానికి ఇబ్బంది ఉండదు. దీన్నీ నానబెట్టే కుట్టించాలి, ఇంకే బట్టతోనూ కలపకుండా.

బూట్లు నల్లవి, లేసులున్నవి, నునుపు మొన ఉన్నవి ఒక జత. సాయంత్రం కొను, నడిచి నిలబడి కాళ్లు కాస్త ఉబ్బి ఉంటాయి, పొద్దున సరిపోయిన బూటు సాయంత్రం కొరుకుతుంది. బొటనవేలి ముందు అర అంగుళం ఖాళీ ఉండాలి, మడమ లేవకూడదు. సోలు అంచు చుట్టూ కుట్టు ఉందా, ఒట్టి జిగురేనా చూడు. జిగురు సోలు మన ఎండలో బస్టాండు తారు మీద నిలబడి నిలబడి ముందు మొన దగ్గర నోరు తెరుస్తుంది. తెచ్చిన రోజే కుట్టిస్తే ఆ బాధ ఉండదు. ఇంకో మోసం డిస్కౌంటు బూట్లలో ఉంది. పీయూ (పాలీయురేథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్) సోలు వాడకపోయినా గాలిలో తేమకు లోపల్లోపల చెడుతుంది. ఏళ్ల తరబడి డబ్బాలో ఉన్న జత చూడ్డానికి కొత్తగానే ఉండి, వేసుకున్న వారానికి రొట్టె ముక్కల్లా రాలిపోతుంది. డబ్బా మీద తయారైన నెల, సంవత్సరం చూసి కొను. వానలో తడిస్తే ఎండలో పెట్టకు, లోపల న్యూస్‌పేపరు కుక్కి నీడలో ఆరబెట్టు. జీతం నిలబడ్డాక కొనాల్సిన మొదటి వస్తువు రెండో జత బూట్లు. రోజు విడిచి రోజు తొడిగితే లోపలి చెమట ఆరి రెండు జతలూ చాలా ఎక్కువ కాలం వస్తాయి. బెల్టు రంగు బూటు రంగే ఉండాలి. రెండు పొరలు అతికించిన రెక్సిన్ బెల్టు రంధ్రాల దగ్గర ఆరునెలల్లో పగులుతుంది, ఒకే పొర తోలుది అడుగు.

ఇక అక్క సంగతి. కాలేజీలో రోజంతా నిలబడటం, బోర్డు మీద చెయ్యెత్తి రాయడం, చాక్‌పీసు పొడి. చీర కట్టే రోజులకు నారాయణపేట కాటన్‌ను మించింది ఆ వైపు లేదు. తేలిక, గళ్లో సాదానో ఒళ్లు, గట్టి రంగు అంచు, క్లాసులో హుందాగా ఉంటుంది. గద్వాల చీర ఒళ్లు కాటన్ అయినా అంచు, కొంగు పట్టు, విడిగా నేసి కలుపుతారు. బరువు, ధర ఎక్కువ, ఇంట్లో ఉతికితే అంచు రంగు ఒంట్లోకి దిగే ప్రమాదం ఉంది, దాన్ని వార్షికోత్సవాలకు, పెళ్లిళ్లకు ఉంచమను. మొదట మూడు చీరలు, నాలుగు కుర్తా జతలు చాలు. జాకెట్లు మాత్రం చీరకొకటి కుట్టించకుండా నలుపు, మెరూన్, గోధుమ రంగు, ఈ మూడు కాటన్‌వి కుట్టిస్తే ఏ చీరకైనా కుదురుతాయి. చెయ్యెత్తి రాసే పని కాబట్టి చంక కింద కోత లోతుగా ఉండకూడదు. లోతుగా ఉంటే చెయ్యి ఎత్తినప్పుడు జాకెట్టు మొత్తం పైకి లేస్తుంది. టైలరు దగ్గరే చెయ్యి పూర్తిగా ఎత్తి చూసుకోవాలి. పక్క కుట్లలో రెండేసి అంగుళాల బట్ట వదిలించాలి.

చీర ఫాల్ విషయం చాలామంది పట్టించుకోరు. ఫాల్ బట్ట కాటన్ అయితే దాన్ని ముందు నానబెట్టి ఆరేసి ఇస్త్రీ చేశాకే వేయించాలి. అట్లా చేయకపోతే మొదటి ఉతుకులో ఫాల్ కుంచించుకుని చీర అంచును లోపలికి లాగేస్తుంది, కుచ్చిళ్లు కింద చుట్టలు చుట్టుకుంటాయి. అది ఊడదీసి మళ్లీ వేయడం తప్ప దారి లేదు. లోపల శాటిన్ లంగా వద్దు, కాటన్ చీర దాని మీద నిలవదు, జారుతుంది. పిన్నీసు చీరకు నేరుగా గుచ్చితే మగ్గం నేత పోగు తెగుతుంది, లోపల చిన్న గుడ్డ ముక్క మడిచి పెట్టి దాంతో కలిపి గుచ్చాలి.

కుర్తాకు 44 పన్నా రెండున్నర మీటర్లు తీసుకుంటే మోకాలి కిందిదాకా, ముప్పావు చేతులతో వస్తుంది. లేత రంగులకు కాటన్ లైనింగ్ వేయించాలి, సింథటిక్ లైనింగ్ వేస్తే పై బట్ట కాటనైనా లాభం లేదు. పక్క చీలికలు తుంటి ఎముక దాటి పైకి పోకుండా చూసుకోవాలి, బస్సు మెట్టు ఎక్కేటప్పుడు అక్కడే కుట్టు పగులుతుంది. ఆ చీలిక మొదట్లో రెండు మూడుసార్లు గట్టి కుట్టు వెయ్యమనాలి. పక్క కుట్టులో జేబు పెట్టమంటే ఏ టైలరైనా పెడతాడు, అడిగితేనే.

ఉతకడం దగ్గరే సగం బట్టలు పాడవుతాయి. బోరునీళ్లు చాలా ఊళ్లలో కఠినజలం. ఆ నీళ్లలో సబ్బుబిళ్ల నురగ రాక, తెల్లని జిడ్డు పొరలా బట్టలో మిగిలిపోతుంది, దాంతోనే తెల్ల అంగీ పాతబడ్డట్టు బూడిద రంగుకు తిరుగుతుంది. బిళ్ల మానేసి డిటర్జెంట్ పొడి గానీ లిక్విడ్ గానీ వాడు. మిషన్ భగీరథ నీళ్లు వచ్చే పూట తెల్లవి ఉతుక్కో. చెమట అంగీని బకెట్లో ముద్దచేసి రాత్రంతా ఉంచకు, నల్ల మచ్చలు పడతాయి. ఉతికే తీరిక లేకపోతే కనీసం తీగ మీద ఆరెయ్. చంకల దగ్గర పసుపు మరక వచ్చేది చెమట ఒక్కదానితోనే కాదు, చెమట ఆపే స్ప్రేలలో ఉండే అల్యూమినియం లవణాలు చెమటతో కలిస్తే వస్తుంది. బ్లీచింగ్ వేస్తే ఆ పసుపు ఇంకా ముదురుతుంది. ఒక వంతు తెల్ల వెనిగరు, నాలుగు వంతుల నీళ్లు కలిపి అరగంట నానబెట్టి, జాడించి, తర్వాత డిటర్జెంట్‌లో వెయ్. స్ప్రే కొట్టుకున్నాక ఆరేదాకా ఆగి అంగీ తొడుక్కుంటే మరక తగ్గుతుంది.

అన్నీ తిరగేసి నీడలో ఆరెయ్. ఇస్త్రీ బండి ఆయనకు ప్యాంటు ఇచ్చేటప్పుడు పైన తడిగుడ్డ వేసి చెయ్యమను, నేరుగా బొగ్గుల పెట్టె తగిలితే పాలిస్టరు పోగు కరిగి అద్దంలా మెరుస్తుంది, అది మళ్లీ పోదు. చీరలకు గంజి సరే, కానీ గంజి పెట్టినవాటిని నెలల తరబడి ఒకే మడతలో ఉంచితే మడత దగ్గర చిరుగుతాయి, పురుగు పడుతుంది. బాల్‌పెన్ను సిరా జేబు దగ్గర అంటితే నీళ్లు పోయకు. వెనక పాత గుడ్డ పెట్టి, దూదికి స్పిరిట్ గానీ శానిటైజరు గానీ అద్ది పైనుంచి ఒత్తు, రుద్దకు. కింది గుడ్డను జరుపుతూ పోతే సిరా దాంట్లోకి దిగుతుంది. భుజానికి బ్యాగు రోజూ ఒకే పక్క వేసుకుంటే ఆ భుజం మీద బట్ట పీచు లేస్తుంది, పక్క మారుస్తుండు.

నెలన్నర తర్వాత రెండో విడతకు పోయేముందు ఒక పని చెయ్. నాలుగు అంగీల్లో ఎక్కువసార్లు చెయ్యి దేని మీదికి పోయిందో, ఏది ఇస్త్రీ అయ్యి కూడా బీరువాలోనే ఉండిపోయిందో చూడు. ఎక్కువ తొడిగిన దాని బట్ట రకం, దాని కొలతలు తీసుకుని అదే టైలరు దగ్గరికి పో. పాత జీన్సుల్లో ముదురు నీలంది, చిరుగులూ గీతలూ లేనిది ఒకటి ఉంచుకో, శనివారం బ్రాంచిలో అందరూ వేస్తున్నారని నీ కళ్లతో చూశాక దాన్ని వాడుకోవచ్చు. టీషర్టులు పారెయ్యకు, ఇంటికి రాగానే అంగీ విప్పి అవే తొడుక్కో.